ఆరోగ్య బీమాపై ఆగ్రహం, హత్యపై ఖండన: అమెరికాలో చిక్కుపడ్డ చర్చ

2024 డిసెంబరు 4 ఉదయం న్యూయార్క్‌ నగరం మాన్‌హటన్‌లో ఒక హోటల్ బయట యునైటెడ్‌హెల్త్‌కేర్ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ను కాల్చి చంపారు. అమెరికాలోకెల్లా పెద్ద ఆరోగ్య బీమా సంస్థ అది. ఆయన మదుపరుల సమావేశానికి నడిచి వెళ్తున్నారు. యాభై ఏళ్ల వయసు, ఇద్దరు పిల్లల తండ్రి. అక్కడ దొరికిన తూటా తొడుగుల మీద ఆలస్యం, తిరస్కరణ, పదవీచ్యుతి అనే అర్థాలిచ్చే మూడు మాటలు రాసి ఉన్నాయి. బీమా సంస్థలు క్లెయింలను ఎలా ఎగవేస్తాయో వివరిస్తూ న్యాయశాస్త్ర ఆచార్యుడు జే ఫైన్‌మన్ 2010లో రాసిన పుస్తకం పేరును అవి గుర్తుకు తెచ్చాయి. ఐదు రోజుల తర్వాత పెన్సిల్వేనియాలోని అల్టూనాలో లుయీజీ మాంజియోనీ అనే 26 ఏళ్ల యువకుడిని అరెస్టు చేశారు. తాను నేరం చేయలేదని అతను కోర్టుకు చెప్పాడు. అతను తమ దగ్గర బీమా తీసుకున్న మనిషి కాడని సంస్థ ప్రకటించింది.

హత్య కంటే దానికి వచ్చిన స్పందన దేశాన్ని ఎక్కువ కలవరపెట్టింది. సంస్థ పెట్టిన సంతాప ప్రకటన కింద వేలకొద్దీ నవ్వు బొమ్మలు పడ్డాయి. జనం తమ తిరస్కరణ లేఖలను బయటపెట్టారు. నిందితుడి కోర్టు ఖర్చుల కోసం మొదలైన విరాళాలు 2025 మే నాటికి పది లక్షల డాలర్లు దాటాయి. మరోవైపు పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపీరో, ఇందులో వీరుడెవరూ లేరని, విధానాల మీద విభేదం ఉంటే మనుషుల్ని చంపి తేల్చుకోవడం కుదరదని గట్టిగా చెప్పారు.

అప్పటి నుంచి సాగుతున్న వాదోపవాదాల్లో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బీమా సంస్థలపై జనాగ్రహం న్యాయమైనదేనా? ఒక పౌరుడు సొంతంగా శిక్ష వేయడాన్ని ఏ కారణమైనా సమర్థించగలదా? ఈ వ్యవస్థ మారాలంటే దారేది? మొదటి ప్రశ్నకు ‘అవును’ అన్నవారిని రెండోదానికీ అవునన్నట్టు జమకట్టడం, రెండోదానికి ‘కాదు’ అన్నవారిని సంస్థల పక్షమని నిందించడం వల్లే చర్చ ఇంత చిక్కుపడింది. ఈ మూడింటినీ విడదీసి చూడడం ఈ సమీక్ష ఉద్దేశం.

కోపం ఎక్కడ మొదలైంది?

అమెరికాలో ఆరోగ్య బీమా లాభాల వేటగా పుట్టలేదు. 1929లో డల్లాస్‌లోని బేలర్ ఆసుపత్రి ఉపాధ్యాయులతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు అర డాలరు కడితే ఏడాదిలో 21 రోజుల ఆసుపత్రి వైద్యం అందుతుంది. బ్లూ క్రాస్ సంస్థలకు మూలం ఇదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం జీతాల పెంపును అదుపు చేయడంతో, మంచి పనివాళ్లను నిలుపుకోవడానికి కంపెనీలు బీమా ఇవ్వసాగాయి. ఆ ఖర్చుపై పన్ను మినహాయింపును 1954 చట్టం స్థిరపరిచింది. దాంతో బీమా ఉద్యోగానికి ముడిపడిపోయింది. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. మిగిలిన వారిలో ఎక్కువమంది యజమాని ఎంచిన బీమాతో సరిపెట్టుకోవాల్సిందే.

ఖర్చులు పెరిగేకొద్దీ అదుపు మొదలైంది. వైద్యుల ఎంపికను, ఖర్చును అదుపులో పెట్టే హెచ్‌ఎంఓ తరహా బీమాలకు 1973 చట్టం ఊతమిచ్చింది. ఫలానా డాక్టరు దగ్గరికే వెళ్లాలి, ఫలానా చికిత్సకు ముందు అనుమతి తీసుకోవాలి అన్న నిబంధనలు 1990లలో సర్వసాధారణమయ్యాయి. ఖర్చుల వేగం కొంత తగ్గింది, జనంలో కోపం మాత్రం రాజుకుంది. 1993లో కాలిఫోర్నియా జ్యూరీ ఒకటి, రొమ్ము క్యాన్సర్ రోగికి ఎముక మూలుగ మార్పిడిని నిరాకరించిన సంస్థ 8.9 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది. అప్పటికే ఆమె కన్నుమూసింది. ఆ తీర్పుతో జంకి చాలా సంస్థలు ఆ చికిత్సకు డబ్బు ఇవ్వసాగాయి. కానీ 1999లో వెలువడిన పరీక్షల్లో అది మామూలు చికిత్స కంటే మెరుగేమీ కాదని తేలింది. మెరుగని చెప్పిన దక్షిణాఫ్రికా అధ్యయనం బూటకమని ఆ తర్వాత బయటపడింది. ఈలోగా వేలమంది స్త్రీలు ఆ యాతన పడ్డారు. సంస్థ ‘కాదు’ అన్నప్పుడు అది ఆధారం లేక అన్నదో, డబ్బు మిగుల్చుకోవడానికి అన్నదో రోగికి తెలిసే దారి లేకపోవడమే అసలు సమస్య అని ఈ ఉదంతం చూపింది. ముప్పై ఏళ్లు గడిచినా ఆ దారి సరిగా పడలేదు.

చట్టం కూడా రోగికి పెద్దగా అక్కరకు రాలేదు. ఉద్యోగుల పింఛన్లను కాపాడడానికి 1974లో తెచ్చిన ఎరిసా చట్టం యాజమాన్యాలిచ్చే ఆరోగ్య బీమాకూ వర్తిస్తుంది. దాని కింద, నిరాకరించిన చికిత్స ఖరీదును కోర్టులో రాబట్టుకోవచ్చు. ఆ నిరాకరణ వల్ల కలిగిన హానికి పరిహారం మాత్రం సాధారణంగా రాదు. 2004లో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది. రోగుల హక్కుల బిల్లు 2001లో ఉభయ సభల్లో వేర్వేరు రూపాల్లో నెగ్గినా, రెంటికీ పొత్తు కుదరక ఆగిపోయింది. 2010 నాటి ఒబామా చట్టం పాత జబ్బుల సాకుతో బీమా నిరాకరించడాన్ని నిషేధించింది. ప్రీమియంలో కనీసం 80 నుంచి 85 శాతం వైద్యానికే ఖర్చు చేయాలంది. బయటి నిపుణులతో సమీక్ష కోరే హక్కు కూడా ఇచ్చింది. ఇన్ని మార్పుల తర్వాత కూడా కోపం చల్లారలేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఆగ్రహానికి ఆధారాలున్నాయి. ఆరోగ్య విధానాలను పరిశీలించే కేఎఫ్‌ఎఫ్ సంస్థ లెక్క ప్రకారం, ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా అమ్ముడైన బీమాల్లో 2023లో నెట్‌వర్క్ ఆసుపత్రుల క్లెయింలు 19 శాతం తిరస్కరణకు గురయ్యాయి. వాటిపై అప్పీలు చేసింది 1 శాతం లోపే. అప్పీలు చేసిన వాటిలో 56 శాతం సందర్భాల్లో సంస్థలు మొదటి మాటకే కట్టుబడ్డాయి.

ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్‌లో 2023లో దాదాపు 5 కోట్ల ముందస్తు అనుమతి దరఖాస్తులు వచ్చాయి. 32 లక్షల దరఖాస్తులను పూర్తిగానో కొంతమేరకో కాదన్నారు. వాటిపై అప్పీలు చేసింది 11.7 శాతం. అలా అప్పీలుకు వెళ్లిన వాటిలో 81.7 శాతం పూర్తిగానో పాక్షికంగానో రోగికి అనుకూలంగా మారాయి. అడిగితే మారే నిర్ణయం మొదట ఎందుకు అలా వచ్చిందన్నదే విమర్శకుల ప్రశ్న. ఫెడరల్ ఆరోగ్య శాఖ తనిఖీ విభాగం 2022 నివేదిక ప్రకారం, నమూనాగా పరిశీలించిన అనుమతి తిరస్కరణల్లో 13 శాతం, మెడికేర్ నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిన వైద్యానికి సంబంధించినవే.

యంత్రాల పాత్ర మీద అనుమానం మరీ ఎక్కువ. 2024 అక్టోబరు నాటి సెనేట్ ఉపసంఘం నివేదిక ప్రకారం, ఆసుపత్రి నుంచి విడుదలయ్యాక అవసరమయ్యే సంరక్షణ విషయంలో యునైటెడ్‌హెల్త్‌కేర్ తిరస్కరణల రేటు 2020లో 10.9 శాతం, 2022లో 22.7 శాతం. సిగ్నా అనే బీమా సంస్థలో డాక్టర్లు కంప్యూటర్ సాయంతో రెండు నెలల్లో మూడు లక్షలకు పైగా క్లెయింలను సగటున 1.2 సెకన్లకొకటి చొప్పున తోసిపుచ్చారని ప్రోపబ్లికా వార్తా సంస్థ 2023లో రాసింది. అది మామూలు పరీక్షల చెల్లింపులను సరిచూసే పద్ధతి మాత్రమేనని సిగ్నా సమాధానమిచ్చింది.

రెండో వైపు లెక్కలూ ఉన్నాయి. కేఎఫ్‌ఎఫ్ 2023 సర్వేలో 81 శాతం మంది తమ బీమా బాగుందనే చెప్పారు. అదే సర్వేలో 58 శాతం మంది ఏడాదిలో ఏదో ఒక చిక్కు ఎదుర్కొన్నామన్నారు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. జబ్బు చేయనంతకాలం కార్డు జేబులోనే ఉంటుంది, దాని బలం తెలిసేది ఆసుపత్రి మెట్లెక్కాకే. అనారోగ్యంతో ఉన్నవారిలో సంతృప్తి తక్కువగా ఉండడం ఇందుకే.

లాభాల సంగతి కూడా పైకి కనిపించినంత సూటిగా లేదు. యునైటెడ్‌హెల్త్‌కేర్ మాతృసంస్థ యునైటెడ్‌హెల్త్ గ్రూపు 2024 ఆదాయం 40 వేల కోట్ల డాలర్లు, నికర లాభం అందులో 4 శాతం లోపు. 2023లో దేశం మొత్తం వైద్యంపై చేసిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు. అందులో సగం దాకా ఆసుపత్రులకు, డాక్టర్లకు వెళ్తుంది. అయితే ఇదే గ్రూపు క్లినిక్‌లు, మందుల పంపిణీ సంస్థలు కూడా నడుపుతోంది. బీమా విభాగం చెల్లించే ‘వైద్య ఖర్చు’లో కొంత సొంత క్లినిక్‌కే చేరితే, 85 శాతం నిబంధన ఏపాటి కట్టడి చేస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం.

నాలుగు వాదనలు

మొదటిది షరతుల్లేని ఖండన. హత్యను ఖండించే వాక్యంలో ‘కానీ’ ఉండకూడదంటుంది ఈ వాదన. హంతకుడి ఆవేదన గురించి ఆ వేళ మాట్లాడడమే అతనికి వేదిక ఇవ్వడమని దీని భయం. అది ఉత్త భయం కాదు. హత్య జరిగిన కొద్ది రోజులకే ఫ్లోరిడాలో ఒక మహిళ క్లెయిం నిరాకరణకు గురై, ఫోన్‌లో అవే మాటలు పలికి, తర్వాతి వంతు మీదేనన్నందుకు అరెస్టయింది. ఆ మాట విన్నది కాల్ సెంటర్ ఉద్యోగి, విధానం నిర్ణయించిన అధికారి కాదు.

రెండోది ఖండిస్తూనే కారణాన్ని వెతికే వాదన. సెనేటర్ బెర్నీ శాండర్స్ హత్యను ఖండించి, జనం కోపం మాత్రం నిజమైనదేనన్నారు. సెనేటర్ ఎలిజబెత్ వారెన్, హింస పరిష్కారం కాదు గానీ జనాన్ని కొంతవరకే నెట్టగలరన్నారు. దుమారం రేగడంతో హత్యకు సమర్థన ఎన్నటికీ ఉండదని వివరణ ఇచ్చుకున్నారు. యునైటెడ్‌హెల్త్ గ్రూపు అప్పటి అధినేత ఆండ్రూ విట్టీ కూడా ఆ నెలలోనే పత్రికలో రాస్తూ, ఇలాంటి వ్యవస్థను ఎవరూ కావాలని రూపొందించరని ఒప్పుకున్నారు. ఇబ్బందల్లా కారణం చెప్పడానికీ సమర్థించడానికీ మధ్య గీతను వినేవారు తమకు తోచినట్టు గీసుకోవడం.

మూడోది వ్యవస్థే హింస చేస్తోందనే వాదన. కార్మికుల్ని అకాల మరణానికి గురిచేసే పరిస్థితుల్ని ఎంగెల్స్ 1845లోనే సామాజిక హత్య అన్నాడు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో నిర్మాణాత్మక హింస అనే భావనను ప్రవేశపెట్టాడు. బల్ల వెనక కూర్చుని సంతకంతో చేసిన హాని కూడా హానేనన్నది ఈ వాదన బలం. అయితే గాల్టుంగ్ శాంతి అధ్యయనాలకు ఆద్యుల్లో ఒకడు. కంటికి కనబడని హింసను గుర్తించమన్నాడే తప్ప, దానికి బదులుగా తుపాకీ పట్టమనలేదు. పైగా, వ్యవస్థే నేరస్థురాలైతే ఒక మనిషిని చంపడం వల్ల ఏం మారుతుందన్న ప్రశ్నకు ఈ వాదనలోనే జవాబు దొరకదు. థాంప్సన్ స్థానంలో మరొకరు వచ్చారు, నిబంధనలు అవే.

నాలుగోది పరిమితులు తప్పవనే వాదన. అమెరికాలో వైద్యం ఖరీదు కావడానికి ముఖ్య కారణం ధరలేనని ఆర్థికవేత్త ఊవె రైన్‌హార్ట్, ఆయన సహచరులు 2003లో చూపారు. ఆసుపత్రులు, మందుల కంపెనీలు వేసే బిల్లును రోగికి వినిపించేది బీమా సంస్థ కాబట్టి నింద దానికే చుట్టుకుంటుందని ఈ పక్షం అంటుంది. అన్ని దేశాలూ ఏదో ఒక రూపంలో వైద్యాన్ని పరిమితం చేస్తాయి. బ్రిటన్‌లో 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థ, ఆరోగ్యకరమైన ఒక ఏడాది ఆయుష్షుకు 20 నుంచి 30 వేల పౌండ్ల దాకా పెట్టవచ్చన్న కొలతతో కొత్త చికిత్సల్ని తూస్తూ వచ్చింది. ఆ కొలత నచ్చనివారు ఉన్నా, అది బహిరంగంగా ఉంది, కారణాలు అచ్చులో దొరుకుతాయి. అమెరికా సంస్థలు పరిమితి పెడతాయి గానీ లెక్క విప్పి చూపవు. ఈ వాదన తడబడేది అక్కడే.

క్లుప్తంగా పోలిస్తే ఇలా:

- షరతుల్లేని ఖండన: ప్రాణానికీ చట్టానికీ మొదటి స్థానం. బలం నైతిక స్పష్టత. లోపం, సంస్కరణ గురించి మాట్లాడే వేళ ఎప్పటికీ రాకపోవడం.
- ఖండన, కారణం: రెంటినీ కలిపి చూడాలి. బలం సమగ్రత. లోపం, మాట జారితే సమర్థనగా వినబడడం.
- నిర్మాణాత్మక హింస: సంస్థ చేసే హానిని లెక్కలోకి తేవాలి. బలం బాధితుల పక్షం. లోపం, వ్యవస్థ దోషాన్ని ఒక మనిషి నెత్తిన రుద్దడం.
- పరిమితుల వాదన: ధరలూ పరిమితులూ తప్పని వాస్తవం. బలం ఆర్థిక దృష్టి. లోపం, ఎవరు ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తున్నారో చెప్పకపోవడం.

సామాన్యుల అభిప్రాయం ఏ ఒక్క గడిలోనూ ఇమడదు. ఎమర్సన్ కాలేజీ 2024 డిసెంబరు సర్వేలో 68 శాతం మంది హత్య ఆమోదయోగ్యం కాదన్నారు, 17 శాతం మంది ఆమోదించారు. 18 నుంచి 29 ఏళ్ల వారిలో మాత్రం ఆమోదించినవారు 41 శాతం, కాదన్నవారు 40 శాతం. ఖండన పక్షం సాధించిన మెజారిటీ ఎంత వాస్తవమో, యువతలో అది కరిగిపోవడమూ అంతే వాస్తవం.

తుపాకీ పని చేసిందా?

హత్య వల్లే సంస్థలు దిగివచ్చాయని కొందరు చెబుతారు. వారు చూపే ముఖ్య ఉదాహరణ ఆంథెమ్ అనే బీమా సంస్థ. శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చే సమయానికి పరిమితి పెట్టి, ఆపై చెల్లించబోమన్న విధానాన్ని ఆ సంస్థ డిసెంబరు 5న, అంటే హత్య జరిగిన మర్నాడే వెనక్కి తీసుకుంది. అయితే మత్తు వైద్యుల సంఘం నవంబరు నుంచే నిరసన తెలుపుతోంది. న్యూయార్క్, కనెటికట్ రాష్ట్రాల నేతలూ ఒత్తిడి తెచ్చారు. రెండు ఘటనలు వరుసగా జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేం.

మిగతా మార్పుల కాలక్రమం ఇంకా స్పష్టంగా ఉంది. ముందస్తు అనుమతిపై అత్యవసరమైతే 72 గంటల్లో, మామూలుగా ఏడు రోజుల్లో నిర్ణయం చెప్పాలన్న ఫెడరల్ నిబంధన 2024 జనవరిలోనే ఖరారై, 2026 నుంచి అమలుకు నిర్ణయమైంది. యంత్రం ఒక్కటే వైద్యాన్ని నిరాకరించకూడదన్న కాలిఫోర్నియా చట్టంపై 2024 సెప్టెంబరులో సంతకమైంది. ఇవి రెండూ హత్యకు ముందువి, ఏళ్ల తరబడి సాగిన ఫిర్యాదులు, దర్యాప్తుల ఫలితాలు. 2025 జూన్‌లో ప్రధాన బీమా సంస్థలు ముందస్తు అనుమతుల్ని తగ్గిస్తామని మాటిచ్చాయి. అందులో జనాగ్రహం పాలు ఎంతో కొలవడం కష్టం, పైగా అది స్వచ్ఛంద హామీయే. విచిత్రమేమంటే, ఆ కాలంలోనే ప్రభుత్వం సంప్రదాయ మెడికేర్‌లో కొన్ని సేవలకు 2026 నుంచి ఆరు రాష్ట్రాల్లో కృత్రిమ మేధ సాయంతో ముందస్తు అనుమతిని ప్రవేశపెట్టాలని నిర్ణయించింది.

తెలుగువారికి ఇందులో ఏముంది?

అమెరికాలో హెచ్‌1బి వీసాపై పనిచేసే తెలుగు కుటుంబాలకు ఈ చర్చ పరాయిది కాదు. ఉద్యోగం పోతే వీసాతో పాటు కంపెనీ ఇచ్చిన బీమా కూడా చేజారుతుంది. ఎరిసా పరిమితులు వారికీ వర్తిస్తాయి.

తీర్పు లేని శిక్షకు చప్పట్లు కొట్టడమూ మనకు తెలియనిది కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. కాల్చింది పౌరుడు కాదు, ప్రభుత్వ యంత్రాంగమే కాబట్టి రెండు ఘటనలూ ఒకటి కావు. కానీ విచారణను దాటవేసినప్పుడు ఏం పోతుందో అది చూపింది. చంపే ఉద్దేశంతోనే పోలీసులు కాల్చారని, మృతుల్లో ముగ్గురు మైనర్లని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ నిజాలు బయటికి వచ్చేసరికి సరిదిద్దుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇంకా తేలనివి

మొదటిది, తిరస్కరణల అసలు లెక్క. కోట్లమంది ఉన్న యాజమాన్య బీమాల్లో ఎన్ని క్లెయింలు ఎందుకు తిరస్కరణకు గురవుతున్నాయో దేశం మొత్తానికి బహిరంగ గణాంకాలు లేవు. వాటివల్ల ఎన్ని ప్రాణాలు పోతున్నాయో నమ్మదగిన అంచనా అసలే లేదు. ఇరుపక్షాలూ ఈ చీకట్లోనే వాదించుకుంటున్నాయి.

రెండోది, నేరానికి చట్టం పెట్టాల్సిన పేరు. న్యూయార్క్ రాష్ట్ర ప్రాసిక్యూటర్లు దీన్ని ఉగ్రవాద చర్యగా చూపగా, 2025 సెప్టెంబరులో న్యాయమూర్తి గ్రెగరీ కారో సాక్ష్యం చాలదని ఆ అభియోగాలను కొట్టేసి, హత్యాభియోగాన్ని ఉంచారు. భావజాలంతో చేసిన హత్యలన్నీ ఉగ్రవాదమేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

మూడోది, ‘కాదు’ అనే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది. లాభం చూసే సంస్థ చేతిలోనా, ప్రభుత్వం చేతిలోనా, డాక్టరు చేతిలోనా? డాక్టరుకే వదిలేస్తే అనవసర చికిత్సలు పెరుగుతాయని మూలుగ మార్పిడి ఉదంతం హెచ్చరిస్తుంది. సంస్థకే వదిలేస్తే ఏమవుతుందో అప్పీళ్ల లెక్కలు చెబుతున్నాయి.

ఏ తీర్పు నిలుస్తుంది?

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఒక గీత గీశారు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నచోట రాజ్యాంగవిరుద్ధ పద్ధతులకు సమర్థన ఉండదన్నారు. ఈ చర్చను ఆ గీత దగ్గర పెట్టి చూస్తే రెండు బాధ్యతలు కనిపిస్తాయి. అమెరికాలో కోర్టులు, ఎన్నికలు, పత్రికలు, అప్పీళ్లు తెరిచే ఉన్నాయి, నెమ్మదిగానైనా ఫలితమిస్తున్నాయి. కాబట్టి హత్యకు సమర్థన లేదు, ఖండనకు షరతు అక్కర్లేదు. అదే సమయంలో ఆ మార్గాలు పేరుకే ఉండకూడదు. కొన్ని బీమాల్లో నూటికి ఒక్కరు కూడా నడవని అప్పీలు దారిని చూపించి శాంతంగా ఉండమనడం ఖండనను బలహీనపరుస్తుంది. తిరస్కరణకు కారణం స్పష్టంగా రాయడం, సంతకం చేసిన డాక్టరు పేరు చెప్పడం, లెక్కలన్నీ బయటపెట్టడం, తప్పుడు నిరాకరణ చేసిన హానికి పరిహారం ఇప్పించడం చట్టసభల పని. ఇవి హంతకుడికి ఇచ్చే రాయితీలని భయపడాల్సిన పని లేదు, ఈ హత్యకు చాలా ముందు నుంచీ రోగులు అడుగుతున్నవే ఇవి.

పాఠకులకు ఒక మాట. తిరస్కరణ లేఖ చివరి మాట కాదు. అమెరికాలో ఉన్నవారు సాధారణంగా 180 రోజుల్లోగా సంస్థకు అప్పీలు చేయవచ్చు, అక్కడా కాదంటే బయటి సమీక్ష కోరవచ్చు. మన దేశంలో సంస్థ జవాబు నచ్చకపోతే ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాదులో కార్యాలయం ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కారణం రాతపూర్వకంగా అడగండి, కాగితాలు దాచుకోండి, అప్పీలు చేయండి.